జెనీవాలో ఆడపేర్లు

ఏ వూరు వెళ్ళినా ముందు నీళ్ళ దగ్గరికి పరుగెత్తడం మనకి అలవాటు. రాజమండ్రిలో దిగితే గోదావరి గట్టు, కాశీలో దిగితే గంగ ఘాట్లు. నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుంటే గాని ప్రయాణం చేసినట్టుండదు. స్విట్జర్లాండులోని జెనీవాలోనూ మేం నలుగురు స్నేహితురాళ్ళం అదే పని చేశాం. సామాను హోటల్లో పడేసి తిన్నగా సరస్సు వొడ్డుకి నడిచాం.

ఆ సరస్సు పేరు లేమాన్. నెలవంకలా వొంగి, డెబ్భై కిలోమీటర్ల పైచిలుకు పొడవుంటుంది. ఒక వొడ్డు చాలా భాగం స్విట్జర్లాండుది, ఎదుటి వొడ్డు చాలా భాగం ఫ్రాన్సుది. రోన్ నది తూర్పున ఈ సరస్సులో దిగి, పడమట జెనీవా దగ్గర మళ్ళీ బయటపడి, వూరి మధ్యనుంచే సాగిపోతుంది. క్రీస్తుపూర్వం 58లో జూలియస్ సీజర్ ఇక్కడికొచ్చి, హెల్వెటీలనే జనం రోన్ నది దాటి రాకుండా వంతెన విరగ్గొట్టించాడు. ఆ సంగతి తనే రాసుకున్నాడు కూడా. వంతెన విరగ్గొట్టడంతో చరిత్రకెక్కిన వూరన్నమాట.

వొడ్డున నిలబడగానే కళ్ళబడేది పెద్ద నీటిధార. 140 మీటర్ల ఎత్తుకి తెల్లగా లేచి, గాలికి చీరచెంగులా వాలుతూ వుంటుంది. సెకనుకి 500 లీటర్ల నీళ్ళు! బిందె నీళ్ళకోసం పంపు దగ్గర క్యూలో నిలబడ్డవాళ్ళం కాబట్టి మా నలుగురికీ ఆ లెక్క వినగానే గుండె గుభేలుమంది. నిజానికి దీన్ని అందంకోసం కట్టలేదు. 1886లో ఇక్కడి చేతిపనివారి యంత్రాలు నడిపేందుకు నది నీటిని గొట్టాల్లో వొత్తిడితో పంపేవారు. సాయంత్రం వాళ్ళంతా యంత్రాలు ఆపేస్తే గొట్టాల్లో వొత్తిడి పెరిగిపోయేది. అది పోయేదారి కోసం పెట్టిన మూత ఈ ధార. "అయితే కుక్కరు విజిలే కదుటే!" అంది మాలో ఒకావిడ. సరిగ్గా అదే. జనం ఆ విజిల్ని చూడ్డానికి ఎగబడేసరికి 1891లో దాన్ని సరస్సులోకి మార్చి ముస్తాబు చేశారు. ఇప్పుడున్నంత ఎత్తుకి అది లేచింది 1951లో.

పక్క తోటలో పూలగడియారం వుంది. 1955లో పెట్టారు. అయిదు మీటర్ల వెడల్పున వేలకొద్దీ పూలమొక్కలతో ముళ్ళు కదులుతూ నిజంగానే టైము చెబుతుంది. అక్కడ అందరూ తీసుకునే ఫొటో మేమూ తీసుకున్నాం. ఆ తరవాతే అసలు కథ మొదలైంది.

మా నలుగురిలో ఒకావిడ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైంది. ఆవిడతో వూరు చూడ్డమంటే పరీక్ష రాయడమే. "ఇవాళ ఒక పని చేద్దాం. ఈ వూళ్ళో ఎన్ని బొమ్మలున్నాయో, ఎన్ని వీధి పేర్లున్నాయో చూసి, వాటిల్లో ఆడవాళ్ళవి ఎన్నో లెక్కపెడదాం" అంది. బ్యాంకులో పనిచేసిన మరో స్నేహితురాలు లెక్క తను రాస్తానంది. నేనూ, నాలుగో ఆవిడా చాకొలెట్లు తింటూ వెంట నడిచాం.

బాస్తియన్ పార్కులో మతసంస్కర్తల గోడ వుంది. సుమారు వంద మీటర్ల పొడవు. జాన్ కాల్విన్ పుట్టి 400 ఏళ్ళయిన సందర్భంగా 1909లో మొదలుపెట్టి 1917లో పూర్తిచేశారు. మధ్యలో అయిదేసి మీటర్ల ఎత్తున నలుగురు గడ్డాల పెద్దమనుషులు - ఫారెల్, కాల్విన్, బెజా, నాక్స్ - పొడుగుపాటి అంగీలతో మనల్ని ఏదో తప్పు చేసినవాళ్ళని చూసినట్టు చూస్తుంటారు. అటూ ఇటూ ఇంకా ఎందరో మగవాళ్ళు. మా బ్యాంకావిడ కాగితం మీద సున్నా వేసి, "ఇంక పదండి" అంది. లెక్చరరు ఆగమంది. ఒక పక్కన రాతి మీద చెక్కిన పేరు చూపించింది - మరీ దాంతియేర్. గోడ లేచిన ఎనభై అయిదేళ్ళకి, 2002లో చేర్చిన పేరది. అక్కడ మొట్టమొదటి ఆడపేరు!

ఎవరీ మరీ? ఒకప్పుడు సన్యాసిని. మఠం వదిలి, పెళ్ళిచేసుకుని, కొత్త మతం పుచ్చుకుని జెనీవా వచ్చింది. 1536లో జెనీవా ప్రజలు పాత రోమన్ కాథలిక్ పద్ధతి వదిలి సంస్కరణ పక్షాన నిలిచారు. మూడేళ్ళ తరవాత, 1539లో ఈవిడ నవార్ రాణి మార్గరీట్‌కి ఒక లేఖ రాసి అచ్చువేయించింది. దేవుడు మగవాళ్ళకొక సువార్త, ఆడవాళ్ళకొక సువార్త ఇచ్చాడా? చదువుకున్నది మేం ఎందుకు మాట్లాడకూడదు? అనే ధోరణి. నగర పాలకులకి కోపం వచ్చింది. ప్రతులు పట్టుకుపోయారు. అచ్చువేసినవాణ్ణి జైల్లో పెట్టారు. ఆవిడ వీధుల్లోనూ, పూటకూళ్ళ ఇళ్ళలోనూ ఉపన్యాసాలు చెబుతోందని కాల్విన్‌గారు స్నేహితుడికి వెటకారంగా ఉత్తరం రాశారు. నాలుగున్నర శతాబ్దాల తరవాత అదే కాల్విన్ పాదాల దగ్గర ఆవిడ పేరు చెక్కారు. పేరే సుమండీ, బొమ్మ కాదు.

ఇక్కడొక మాట చెప్పాలి. మరీని మాత్రమే మెచ్చుకుని వచ్చేస్తే కథ సగమే చెప్పినట్టు. పాతవూళ్ళో బూర్-ద-ఫూర్ అనే చౌకు వుంది. రాళ్ళు పరిచిన నేల, చుట్టూ కాఫీ హోటళ్ళు. ఆ పక్కనే న్యాయస్థానం. అప్పట్లో అక్కడ సెయింట్ క్లేర్ సన్యాసినుల మఠం వుండేది. సంస్కరణవాదులు మఠంలోకొచ్చి సన్యాసినుల్ని పెళ్ళిచేసుకోండని, బయటికి రండని బలవంతపెట్టారు. అలా వచ్చి ఉపదేశం చేసినవాళ్ళలో ఈ మరీ కూడా వుంది! ఆ సంగతి మనకెలా తెలుసంటే, లోపలున్న జాన్ ద జూసీ అనే సన్యాసిని అన్నీ గ్రంథంగా రాసిపెట్టింది. వాళ్ళు వొప్పుకోలేదు. 1535 ఆగస్టులో ఒక తెల్లవారుజామున మఠం వదిలి, ఆనెసీ వూరి దారిపట్టి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఏళ్ళతరబడి గోడలు దాటి ఎరగని ముసలి సన్యాసినులు, పొలాల్లో ఆవుల్ని చూసి ఎలుగుబంట్లనుకున్నారట. బొచ్చు గొర్రెల్ని చూసి తోడేళ్ళనుకున్నారట.

అది వినగానే మాకు నవ్వొచ్చింది. మరుక్షణం నవ్వు ఆగిపోయింది. ఆవు ఎలా వుంటుందో మరిచిపోయేంత కాలం నాలుగు గోడల మధ్య వుండి కూడా, ఆ గోడలే తమ ఇల్లని, ఎవరో వచ్చి విముక్తి చేస్తామంటే అక్కర్లేదని అన్నారు కదా! ఒకావిడ బయటికి వచ్చి మాట్లాడే హక్కు అడిగింది. ఇంకొకావిడ లోపలుండే హక్కు అడిగింది. ఇద్దరూ కలం పట్టారు. ఇద్దరిదీ ధైర్యమే. ఎవరిది ఒప్పని మా నలుగురిలోనూ ఆ కాఫీ తాగినంతసేపూ వాదన నడిచింది. తేలలేదు.

కాల్విన్ మాట వచ్చింది కాబట్టి నగల సంగతి చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. ఆయన ఏలుబడిలోనూ, ఆ తరవాతా జెనీవాలో ఆడంబరం మీద కట్టుబాట్లు వుండేవి. వొంటిమీద నగ ఎంత, గౌనుకి జరీ ఎంత, విందులో వంటకాలు ఎన్ని - అన్నింటికీ చట్టాలే. మన పెళ్ళిళ్ళ సీజన్లో ఆయన ఒక్కసారి హైదరాబాదు వస్తే ఏమయ్యేవాడో! నగలు చేసుకుని బతికే కంసాలులు పాపం ఏం చెయ్యాలి? ఫ్రాన్సు నుంచి మతహింసకి తట్టుకోలేక పారిపోయి వచ్చిన వాళ్ళలో గడియారాల పనివాళ్ళున్నారు. గడియారం నగ కాదు, పనికొచ్చే వస్తువు. నగిషీ తెలిసిన చేతులూ, యంత్రం తెలిసిన చేతులూ కలిశాయి. 1601లో గడియారాల పనివారి సంఘం ఏర్పడింది. స్విస్ వాచీ అంటే ఈనాటికీ లోకమంతా కళ్ళకద్దుకోవడానికి ఇదీ ఒక మూలం. నగ వద్దన్న వూరే, నగకంటే ఖరీదైన వాచీలు తయారుచేసే వూరైంది. మోంట్ బ్లాంక్ వంతెన దగ్గర షాపుల అద్దాల్లో ధరలు చూసి, సున్నాలు లెక్కపెట్టి, మా బ్యాంకావిడ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది.

ఆ వాచీల్లో ఆడవాళ్ళ వాటా ఏమిటంటారా? గొలుసులు చెయ్యడం, తాళంచెవులు చెయ్యడంలాంటి సన్నపని వాళ్ళది. లోపలి యంత్రం చేసే విద్య వాళ్ళకి నేర్పకూడదని 17వ శతాబ్దం చివరికల్లా సంఘం వాళ్ళు కట్టుబాటు చేశారు. కాని అదే శతాబ్దంలో ఎలిసబెత్ బోలాక్ర్ అనే ఆవిడ వుంది చూశారూ, 1613లో పుట్టి 1693లో పోయింది. భర్త పోయాక బంగారు తీగ, జరీదారం తయారుచేసే వ్యాపారం తనే నడిపి, వందలాది మందికి పని చూపించి, వూళ్ళోని గొప్ప ధనవంతుల్లో ఒకరైంది. జరీ కట్టుకోవడం మీద ఆంక్షలున్న వూళ్ళో జరీ అమ్మి కోట్లు గడించిందన్నమాట. మన విధవరాళ్ళని అదే కాలంలో ఏ గదిలో కూర్చోబెట్టారో తలుచుకుంటే, ఆవిడకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

జెనీవాలో ఏ చంటిపిల్లాణ్ణి అడిగినా చెప్పే ఆడపేరు మాత్రం వేరే. 1602 డిసెంబరు 11 అర్ధరాత్రి దాటాక సవాయ్ రాజ్యపు డ్యూకు పంపిన సైన్యం నిచ్చెనలు వేసుకుని కోటగోడ ఎక్కింది. ఆ నిచ్చెనలకి నల్లరంగు పూశారు, చీకట్లో కనపడకుండా. వూరు నిద్రలోంచి లేచి, చేతికందిన దానితో తిరగబడింది. గోడవారగా ఇల్లున్న ఒక అమ్మ, పధ్నాలుగు మంది పిల్లల తల్లి, పొయ్యి మీద మరుగుతున్న కూరగాయల చారు కుండతో సహా ఎత్తి కింద సిపాయి నెత్తిన కుమ్మరించిందని చెబుతారు. పొద్దుటికల్లా శత్రువులు పారిపోయారు. వూరివాళ్ళు 18 మంది చనిపోయారు. ఇప్పటికీ ఏటా డిసెంబరులో పండగ చేస్తారు. చాకొలెట్‌తో కుండ చేసి, లోపల బాదంపిండితో చేసిన చిన్న చిన్న కూరగాయలు నింపి అమ్ముతారు. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళూ, అందరికంటే చిన్నవాళ్ళూ కలిసి దాన్ని పగలగొట్టాలి. బామ్మా మనవరాలూ కలిసి కొట్టే కుండ! ఏ పండితుడు పెట్టిన ఆచారమో గాని చక్కని ఆచారం.

ఆవిణ్ణి అందరూ "రొయోమ్ అమ్మ" అంటారు. రొయోమ్ అన్నది మొగుడి ఇంటిపేరు. ఆయన తగరపు పాత్రలు చేసేవాడు. లియాన్ నుంచి వలస వచ్చిన కుటుంబం. ఆవిడ సొంత పేరు కాతెరీన్ షెనెల్. చాకొలెట్ కుండ పగలగొట్టేవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు గుర్తుంటుంది? మన ఇళ్ళలోనూ అంతేగా - కాకినాడ అమ్మమ్మ, పెద్దింటి దొడ్డమ్మ, ఫలానావారి కోడలు. పేరు అడిగితే మనవలు తెల్లమొహం వేస్తారు.

గ్రాండ్ రూ వీధిలో 40వ నంబరు ఇంట్లో 1712లో రూసో పుట్టాడు. తండ్రి గడియారాల పనివాడు. తల్లి ప్రసవమైన కొద్దిరోజులకే పోయింది. పిల్లల్ని ఎలా పెంచాలో చెప్పే 'ఎమిల్' రాసిన మహానుభావుడు, తన అయిదుగురు పిల్లల్నీ అనాథశరణాలయానికి పంపేశాడు. ఆ పిల్లల తల్లి తెరేజ్ గురించి గోడమీద ఒక్క ముక్కయినా వుందేమోనని మా బ్యాంకావిడ వెతికింది. ఆవిడ కాగితం మీద మరో సున్నా పడింది.

మళ్ళీ సరస్సు వొడ్డుకొచ్చాం. పసుపుపచ్చని చిన్న పడవలు ఈ గట్టునుంచి ఆ గట్టుకి తిరుగుతూ వుంటాయి. హోటల్లో దిగినవాళ్ళకి ఇచ్చే పాసు వాటికీ చెల్లుతుంది. ఎక్కి దిగిన చోట, హోటల్ బో-రివాజ్ ఎదుట, ఆస్ట్రియా మహారాణి ఎలిసబెత్ విగ్రహం వుంది. కాగితం మీద మొదటిసారి ఒకటి పడింది. ఎందుకు పెట్టారంటే, ఆవిడ ఇక్కడే హత్యకి గురైంది. 1898 సెప్టెంబరు 10న ఆవిడ ఈ హోటల్లోంచి పడవ రేవుకి నడుస్తుంటే, లుకేనీ అనే ఇటలీ యువకుడు పదునుపెట్టిన ఆకురాయితో గుండెలో పొడిచాడు. ఎవరో తోశారనుకుని లేచి, నడిచి, పడవ కూడా ఎక్కింది. బిగుతుగా కట్టుకున్న కార్సెట్టు రక్తాన్ని అదిమి పట్టివుంచింది. దాన్ని వదులు చేశాకగాని ఏం జరిగిందో తెలియలేదు. అరవై ఏళ్ళ మనిషి. మహారాణిగా చూసేవాళ్ళ చూపులు భరించలేక దొంగపేరుతో ప్రయాణాలు చేస్తుండేది. పేరు లేకపోవడం కొందరికి శాపం, పేరు వుండడం కొందరికి శాపం.

ఎదుటి గట్టున కొలోన్యీ కొండ కనిపిస్తుంది. 1816 వేసవిలో మేరీ అనే పద్ధెనిమిదేళ్ళ పిల్ల అక్కడ స్నేహితులతో గడిపింది. అంతకు ముందేడు ఇండొనేషియాలో తాంబోరా అగ్నిపర్వతం పేలిన బూడిదవల్ల ఆ ఏడు వేసవే రాలేదు. బయట ఒకటే ముసురు. దయ్యాల కథలు రాద్దామని పందెం వేసుకున్నారు. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' అలా మొదలైంది. 1818లో పుస్తకం వచ్చినప్పుడు అట్టమీద ఆవిడ పేరు లేదు. 2014లో ప్లాన్‌పలే మైదానంలో ఆ భూతానికి మాత్రం విగ్రహం పెట్టారు!

మన వాళ్ళ అడుగులూ ఈ గట్టున పడ్డాయి. 1926లో జవహర్‌లాల్ నెహ్రూ జబ్బుపడ్డ భార్య కమలని వైద్యానికి జెనీవా తీసుకొచ్చాడు. ఎనిమిదేళ్ళ ఇందిర ఇక్కడి అంతర్జాతీయ పాఠశాలలో చదివింది. పదేళ్ళ తరవాత, 1936 ఫిబ్రవరి 28న, ఇదే సరస్సు వొడ్డున వున్న లోజాన్‌లో కమల కన్నుమూసింది. ఎందరు పర్యాటకులకి ఈ నీళ్ళు హాయినిస్తాయో! ఆవిడకి మాత్రం ఆస్పత్రి కిటికీలోంచి కనిపించిన పరాయి దేశం.

ఇంతకీ అసలు ఆశ్చర్యం వోటు సంగతి. శాంతిసభలకీ, రెడ్‌క్రాసుకీ, నానాజాతి సమితికీ ఇల్లయిన ఈ వూళ్ళో ఆడవాళ్ళకి వోటు ఎప్పుడొచ్చిందో తెలుసా? 1960లో! స్విట్జర్లాండు దేశం మొత్తానికి 1971లో. అపెన్జెల్ అనే కొండప్రాంతపు చిన్న రాష్ట్రంలో 1990లో కోర్టు చెబితేగాని ఇవ్వలేదు. అక్కడి పద్ధతేమిటంటే, ఆడవాళ్ళకి వోటివ్వాలా వద్దా అని మగవాళ్ళు వోటు వెయ్యాలి. 1921లో జెనీవా మగవాళ్ళు వద్దన్నారు. అదే 1921లో మన మద్రాసు శాసనమండలి ఆడవాళ్ళకి వోటిచ్చింది. ఆస్తీ పన్నూ వున్న కొద్దిమందికే అనుకోండి. అయినా అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన మన కోస్తా, రాయలసీమ జిల్లాల ఆడవాళ్ళు కొందరు, జెనీవా దొరసానులకంటే దాదాపు నలభై ఏళ్ళు ముందే వోటర్లు. ఎమిలీ గూర్ అనే జెనీవా స్త్రీ 1912లో పత్రిక పెట్టి, జీవితమంతా వోటుకోసం పోరాడి, 1946లో ఆ వోటు చూడకుండానే పోయింది. వోటొచ్చాక జెనీవా నగరానికి మొదటి మహిళా మేయరు 1968లో వచ్చింది, లీజ్ జిరార్దాన్.

"చూశారా, మనమే మెరుగు!" అని నాలుగో స్నేహితురాలు పొంగిపోయింది. లెక్చరరు చిరునవ్వు నవ్వి ఇంకో సంగతి చెప్పింది. 1951-52లో స్వతంత్ర భారతదేశంలో మొదటి ఎన్నికలప్పుడు, మన దేశంలో సుమారు 28 లక్షలమంది ఆడవాళ్ళ పేర్లు వోటర్ల జాబితాలోంచి కొట్టెయ్యాల్సి వచ్చింది. ఎందుకంటే వాళ్ళు పేరు చెప్పలేదు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళు. ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అనే రాయించారు. పరాయివాళ్ళకి పేరు చెప్పడం మర్యాద కాదు. సొంత పేరు లేనిదే వోటు లేదని ఎన్నికల సంఘం గట్టిగా నిలబడింది. తరవాతి ఎన్నికలకి చాలామంది పేర్లు చెప్పి రాయించుకున్నారు.

వోటుకి పేరు కావాలి, వీధికీ పేరు కావాలి. 2019లో కొందరు జెనీవా స్త్రీలు లెక్కతీస్తే, మనుషుల పేర్లున్న వీధుల్లో నూటికి ఏడింటికే ఆడపేర్లున్నాయి. వంద మంది స్త్రీల పేర్లతో వూదారంగు పలకలు చేయించి, వున్న పలకల పక్కనే కట్టారు. కొన్ని వీధుల పేర్లు ప్రభుత్వం నిజంగానే మార్చింది. వాటిల్లో నాకు నచ్చినది "ముగ్గురు చాకలి స్త్రీల వీధి". 1913లో రోన్ నదిలో బట్టలుతికే పడవ మునిగి చనిపోయిన ముగ్గురి జ్ఞాపకం అది. గడ్డాల పెద్దమనుషుల వూళ్ళో, నది నీళ్ళలో చేతులు గడ్డకట్టించుకుని జనం బట్టలు ఉతికినవాళ్ళకి ఒక వీధి!

సాయంత్రం ట్రెయ్ తోటలో చాలా పొడుగుపాటి చెక్కబెంచీ మీద కూలబడ్డాం. దగ్గర్లోనే ఒక చెస్ట్‌నట్ చెట్టుంది. ఏటా దానికి తొలి చిగురు ఎప్పుడు వేసిందో చూసి పుస్తకంలో రాయడానికి ప్రభుత్వోద్యోగి వున్నాడు. 1818 నుంచీ రాస్తున్నారు. చెట్టు చిగురునే రెండు వందల ఏళ్ళుగా తప్పకుండా రాసుకున్న వూరు, ఆడవాళ్ళ పేర్లు రాసుకోవడానికి ఇంత ఆలస్యం చేసింది. మనం వాళ్ళని అనబోయే ముందు, ఒక కాగితం తీసుకుని మన ముత్తమ్మమ్మ పేరూ, ఆవిడ తల్లి పేరూ రాసి చూడాలి. మా నలుగురిలో ముత్తమ్మమ్మ పేరు చెప్పగలిగింది ఇద్దరమే. ఆవిడ తల్లి పేరు ఎవరికీ రాలేదు. ఆ రాత్రే మిగతా ఇద్దరూ హైదరాబాదుకి ఫోనుచేసి, నిద్రపోతున్న పెద్దమ్మల్ని లేపి అడిగారు.